బ్రిటన్‌లో బడి పిల్లల పార్ట్‌టైమ్ ఉద్యోగం: పర్మిట్, జీతం, పేరోల్, పాత ఫర్లో లెక్కలు

బడికి వెళ్లే పిల్లల్ని పనిలో పెట్టుకునే చిన్న వ్యాపారులు గానీ, పనికి పంపే తల్లిదండ్రులు గానీ ఎక్కువగా తడబడేది ఒక్కచోటే. పదహారేళ్లు నిండాయా లేదా అని చూసుకుంటే చాలు, మిగతావన్నీ దాన్నిబట్టి తేలిపోతాయనుకుంటారు. తేలవు. పన్నులు వసూలు చేసే ప్రభుత్వ శాఖ హెచ్‌ఎంఆర్‌సీ చూసేది పుట్టినరోజుని. స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్, కనీస వేతన చట్టం చూసేది బడి వయసు (చట్టప్రకారం చదువులో ఉండి తీరాల్సిన వయసు) దాటిన తేదీని. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ తేదీ జూన్ నెల ఆఖరి శుక్రవారం. ఆ ఏడాది వేసవి సెలవులు ముగిసేలోపు పదహారు నిండే పిల్లలందరికీ అదే రోజు.

2009 అక్టోబరు 12న పుట్టిన అమ్మాయిని తీసుకోండి. 2025 అక్టోబరు 12న పదహారు నిండాయి కాబట్టి ఆ తర్వాత వచ్చే జీతం నుంచి పేరోల్ (జీతాల లెక్క కట్టి హెచ్‌ఎంఆర్‌సీకి తెలియజేసే ఏర్పాటు) నియమాలు మారిపోతాయి. కానీ బడి వయసు దాటేది 2026 జూన్ 26న. అప్పటిదాకా కౌన్సిల్ పర్మిట్ ఉండాల్సిందే, గంటల పరిమితి పాటించాల్సిందే. కనీస వేతనం మాత్రం ఇంకా వర్తించదు.

ఇప్పుడు 2010 జులై 20న పుట్టిన కుర్రాడిని చూడండి. అతనికి కూడా బడి వయసు 2026 జూన్ 26తోనే ముగుస్తుంది, పదహారు నిండడానికి ఇంకా మూడు వారాలకి పైగా ఉన్నా సరే. జూన్ 26 దాటాక చేసిన ప్రతి గంటకీ కనీస వేతనం ఇవ్వాలి. ప్రభుత్వ పెన్షన్, భత్యాల కోసం జీతం మీద కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ) మాత్రం జులై 20 దాకా లేదు. ‘వాడికింకా పదిహేనే కదా’ అని పాత రేటే ఇస్తే, ఆ మూడు వారాలకి తక్కువ వేతనం ఇచ్చినట్టే లెక్క. అందుకే పనిలో పెట్టుకున్న రోజే ఈ రెండు తేదీలూ ఫైలు మీద రాసిపెట్టుకోవాలి.

స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లాండ్‌లలో బడి వదిలే తేదీలు వేరు. ఇక్కడ చెప్పే పని నియమాలు ఇంగ్లండ్, వేల్స్‌లవి. పన్ను, పేరోల్ సంగతులు దేశమంతటికీ దాదాపు ఒకటే.

పర్మిట్: పని మొదలయ్యేముందే

పార్ట్‌టైమ్ పనికి కనీస వయసు 13. నాటకాలు, టీవీ, మోడలింగ్ లాంటివాటికి ఇంకా చిన్నపిల్లల్ని కూడా తీసుకోవచ్చు గానీ దానికి పర్ఫార్మెన్స్ లైసెన్సు కావాలి, అది వేరే వ్యవహారం. మామూలు షాపు, కేఫ్, పేపర్ రౌండ్ లాంటి పనులకైతే స్థానిక కౌన్సిల్ విద్యాశాఖ నుంచి చైల్డ్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ తీసుకోవాలి. దరఖాస్తు యజమాని చెయ్యాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి. చాలా కౌన్సిళ్లు బడి హెడ్‌టీచర్ అభిప్రాయం కూడా అడుగుతాయి. పుట్టిన తేదీ, బడి పేరు, పని చోటు, ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, చేసే పని ఏమిటి అన్నవి ఫారంలో నింపాలి. ‘షాపులో సాయం’ అని రాస్తే తిరిగొస్తుంది. ‘అరలు సర్దడం, ధర చీటీలు అంటించడం’ అని విడమరిచి రాయాలి.

పని మొదలైన ఏడు రోజుల్లోపు పంపితే చాలని కొన్ని కౌన్సిళ్ల బైలాస్‌లో (స్థానిక నియమాల్లో) ఉంటుంది. మరికొన్ని ముందే కావాలంటాయి. ఏడు రోజుల వెసులుబాటు ఉన్నా ముందే పంపడం మంచిది. పర్మిట్ లేని పిల్లవాడికి పనిలో దెబ్బ తగిలితే మీ బీమా కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, పర్మిట్ ఆ యజమానికి, ఆ పనికి ఇచ్చింది. పిల్లలు పక్క షాపుకి మారితే కొత్తది తీసుకోవాలి. బడి ఏర్పాటు చేసిన వర్క్ ఎక్స్‌పీరియన్స్‌కి మాత్రం పర్మిట్ అక్కర్లేదు.

పర్మిట్‌తో పాటు ఆ పనిలో ఉన్న ప్రమాదాలేంటి, వాటికి ఏం జాగ్రత్తలు తీసుకున్నారన్నది అంచనా వేసి తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి. 1999 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ నిబంధనల్లో ఉందిది. ఒక పేజీ కాగితం చాలు. బరువు పెట్టెలు ఎత్తనివ్వం, స్లైసర్ ముట్టుకోనివ్వం, గోడౌన్‌లోకి ఒంటరిగా పంపం అన్నట్టు సూటిగా రాస్తే సరిపోతుంది.

రెస్టారెంట్లు నడిపేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చాలా కౌన్సిళ్ల బైలాస్ ప్రకారం కమర్షియల్ కిచెన్‌లో బడి పిల్లలు పని చెయ్యకూడదు. బల్లల దగ్గర వడ్డించొచ్చు, ఆర్డర్లు రాసుకోవచ్చు, ముందు కౌంటర్‌లో ఉండొచ్చు. వంటగదిలో గిన్నెలు కడగడం కూడా ‘కిచెన్ పనే’ అవుతుంది. మాంసం కోసే పని, పబ్బుల్లో చాలా పనులు, బెట్టింగ్ షాపులు, ఫ్యాక్టరీలు, ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చెయ్యడం కూడా కుదరవు. 13 ఏళ్లవాళ్లకైతే బైలాస్‌లో రాసి ఉన్న తేలిక పనులే ఇవ్వాలి. మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది, తెరిచి చదవండి.

గంటల లెక్క ఇది:

- బడి రోజులున్న వారం: మొత్తం 12 గంటలకి మించకూడదు. బడి రోజుల్లోనూ ఆదివారంలోనూ రోజుకి 2 గంటలు. శనివారం 13, 14 ఏళ్లవాళ్లకి 5 గంటలు, 15, 16 ఏళ్లవాళ్లకి 8 గంటలు.
- సెలవులు, 13, 14 ఏళ్లవాళ్లు: వారానికి 25 గంటలు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి 5, ఆదివారం 2.
- సెలవులు, 15, 16 ఏళ్లవాళ్లు: వారానికి 35 గంటలు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి 8, ఆదివారం 2.

ఏ రోజైనా ఉదయం ఏడుకి ముందు గానీ, రాత్రి ఏడు తర్వాత గానీ పని చేయించకూడదు. బడి సమయంలో అసలే కుదరదు. నాలుగు గంటలు వరసగా చేస్తే గంట విరామం ఇవ్వాలి. ఏడాదిలో బడి సెలవుల్లో కనీసం రెండు వారాలు పూర్తిగా పని లేకుండా వదిలెయ్యాలి.

ఎక్కువగా దొరికిపోయేది సాయంత్రం ఏడు దగ్గర. శుక్రవారం రద్దీ ఉందని అయిదుకి వచ్చిన అబ్బాయిని తొమ్మిది దాకా ఉంచుతారు. అలా ఉంచితే ఒకే పూటలో రెండు నియమాలు పోతాయి, ఏడు గంటలదీ, రెండు గంటలదీ. శనివారం ఎనిమిది గంటలు చేసిన పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ వారంలో ఇక మిగిలేది నాలుగే గంటలు, ఆదివారం రెండు చేస్తే బడి రోజులకి రెండే. రోటా (పని వేళల పట్టిక) రాసేటప్పుడు శనివారం గంటలు ముందు వేసి, మిగిలినవి తర్వాత పంచండి. నియమాలు తప్పితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

సొంత పిల్లలైతే?

‘మా అబ్బాయే కదా, డబ్బేమీ ఇవ్వట్లేదు కదా’ అన్న మాట పనికిరాదు. 1933 నాటి పిల్లల చట్టం ప్రకారం లాభం కోసం నడిచే వ్యాపారంలో సాయపడితే చాలు, జీతం లేకపోయినా ఉద్యోగం కిందే లెక్క. అంటే మీ షాపులో మీ పాప టిల్ (డబ్బు తీసుకునే కౌంటర్) దగ్గర నిలబడినా పర్మిట్, గంటల పరిమితి రెండూ వర్తిస్తాయి.

జీతం ఇచ్చి దాన్ని వ్యాపార ఖర్చు కింద చూపించాలంటే అది నిజమైన పనికి నిజమైన చెల్లింపు అయ్యుండాలి. 1981లో డాలర్ వర్సెస్ లయన్ కేసులో ఒక వ్యవసాయ కుటుంబం పిల్లలకిచ్చిన డబ్బుని జీతంగా ఒప్పుకోలేదు, అది చేతిఖర్చే అని తేల్చారు. అలా కాకుండా ఉండాలంటే గంటల చిట్టా రాయాలి, బయటి పిల్లలకి ఇచ్చే రేటే ఇవ్వాలి, డబ్బు పిల్లవాడి పేరున ఉన్న ఖాతాలోకి ప్రతిసారీ విడిగా వెయ్యాలి. మార్చి నెలాఖరులో ‘ఏడాది జీతం మూడు వేలు’ అని ఒక్క పద్దు రాస్తే అకౌంటెంటే ఒప్పుకోడు.

ఇంకో మెలిక. ఒకే ఇంట్లో ఉంటూ కుటుంబ వ్యాపారంలో పని చేసే వాళ్లకి కనీస వేతనం నుంచి మినహాయింపు ఉంది గానీ, అది సొంత పేరునో భాగస్వామ్యంలోనో నడిచే వ్యాపారాలకే. లిమిటెడ్ కంపెనీ అయితే యజమాని కంపెనీయే, నాన్న కాదు. మినహాయింపు రాదు.

ఎంత ఇవ్వాలి

బడి వయసులో ఉన్నవాళ్లకి చట్టం నిర్ణయించిన కనీస రేటు లేదు. మాట్లాడుకున్నంత. బడి వయసు దాటి 18 నిండనివాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి గంటకి 7.55 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 8 పౌండ్లు. 18 నుంచి 20 ఏళ్లవాళ్లకి అవే తేదీల్లో 10 పౌండ్లు, 10.85 పౌండ్లు. పుట్టినరోజు జీతకాలం మధ్యలో వస్తే కొత్త రేటు ఆ తర్వాత మొదలయ్యే జీతకాలం నుంచి వర్తిస్తుంది. నెలజీతం ఇచ్చేవాళ్లు ఇక్కడ గందరగోళపడి రోజుల వారీగా ముక్కలు చేస్తుంటారు, అక్కర్లేదు.

యూనిఫాం ఖర్చు లాంటివి కోసుకుంటే ఆ కోత తర్వాత మిగిలినది కూడా కనీస వేతనానికి తగ్గకూడదు. పదిహేడేళ్లవాళ్లకి కనీస రేటే ఇస్తూ ఇరవై పౌండ్ల షర్టు డబ్బు కోసేస్తే చట్టం తప్పినట్టే.

పదహారు నిండేదాకా పేరోల్

ఇది తేలిక. పదహారు లోపు పిల్లలకి నేషనల్ ఇన్సూరెన్స్ లేదు, వాళ్లకీ లేదు, యజమానికీ లేదు. వాళ్ల మొత్తం ఆదాయం పర్సనల్ అలవెన్స్ (ఏడాదికి పన్ను పడని మొత్తం) అయిన 12,570 పౌండ్లు దాటితేనే పేరోల్‌లో చేర్చాలి. దాటుతుందా? ఏడాదిలో 39 బడి వారాలనుకుంటే 12 గంటల చొప్పున 468 గంటలు. 13 సెలవు వారాల్లో రెండు వదిలేస్తే 11 వారాలు, 35 గంటల చొప్పున 385. మొత్తం 853 గంటలు. చట్టం ఒప్పుకునే ప్రతి గంటా పని చేసినా, 12,570 దాటాలంటే గంటకి పద్నాలుగు పౌండ్ల డెబ్బై అయిదు పెన్నీల దాకా ఇవ్వాలి. అంటే మామూలు శనివారం ఉద్యోగానికి ఆ ప్రశ్నే రాదు.

అయినా చాలామంది యజమానులు మిగతా సిబ్బందితో పాటు పిల్లల్నీ పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో వేసేస్తారు. తప్పేమీ కాదు. అప్పుడు ఎన్‌ఐ ఎంత కట్టాలో చెప్పే కేటగిరీ అక్షరం ‘ఎక్స్’ పెట్టాలి. డిఫాల్ట్‌గా ఉన్న ‘ఏ’ వదిలేస్తే పిల్లల జీతం మీద కూడా యజమాని ఎన్‌ఐ లెక్క కట్టేస్తుంది. వారానికి 96 పౌండ్లు దాటిన మొత్తం మీద 15 శాతం. సెలవుల్లో 35 గంటలు చేసిన వారంలో ఆ గీత దాటడం ఎంతో సేపు పట్టదు.

పేరోల్‌లో ఉన్నా లేకపోయినా పేస్లిప్ లాంటి కాగితం ఇవ్వండి: గంటలు, రేటు, మొత్తం, తేదీ. నగదు ఇవ్వడం నేరం కాదు, రాయకుండా ఇవ్వడమే తలనొప్పి.

పదహారు నిండిన తర్వాత వచ్చే జీతం రోజు

ఇక్కడ అసలు పని ఉంది. ఆ జీతం రోజుకి ముందే పీ45 (పాత ఉద్యోగం వదిలినప్పుడు ఇచ్చే పన్ను కాగితం) గానీ, స్టార్టర్ చెక్‌లిస్ట్ (కొత్తగా చేరినవాళ్లు నింపే ఫారం) గానీ తీసుకోవాలి. రెండేళ్లుగా మీ దగ్గరే పని చేస్తున్నా సరే, పేరోల్‌కి కొత్తవాళ్లే. చెక్‌లిస్ట్‌లో మూడు వాక్యాలు ఉంటాయి.

‘ఏ’ అంటే పన్ను సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 6 తర్వాత ఇదే మొదటి ఉద్యోగం. పన్ను కోడ్ 1257ఎల్ (పూర్తి అలవెన్స్ ఇచ్చేది), ఏడాది మొదటినుంచి కలిపి లెక్క.

‘బీ’ అంటే ఈ ఏడాది ముందు వేరే ఉద్యోగం చేశారు, ఇప్పుడు ఇదొక్కటే. 1257ఎల్ అయినా నెలకి నెల విడిగా లెక్క, కోడ్ పక్కన డబ్ల్యూ1 లేదా ఎమ్1 అని ఉంటుంది.

‘సీ’ అంటే ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కోడ్ బీఆర్, మొదటి పౌండ్ నుంచే 20 శాతం కోత.

చెక్‌లిస్టే ఇవ్వకపోతే 0టీ. అలవెన్స్ ఏమీ రాదు. పిల్లలు దీన్ని నింపకుండా ఫోన్లో దాచుకుని మరిచిపోతారు, మొదటి జీతంలో అయిదో వంతు పోయాక గుర్తొస్తుంది. కాగితం ప్రింటు తీసి ఎదురుగా కూర్చోబెట్టి నింపించడమే మంచి పద్ధతి.

ఎన్‌ఐ కేటగిరీ ‘ఎక్స్’ తీసేసి ‘ఎమ్’ పెట్టాలి. 21 నిండనివాళ్లకి అదే అక్షరం. దానివల్ల వారానికి 967 పౌండ్ల దాకా యజమాని ఎన్‌ఐ సున్నా. కేటగిరీ ‘ఏ’ పెట్టి నెలనెలా అనవసరంగా కట్టేవాళ్లు ఉన్నారు. ఉద్యోగి వైపు వారానికి 242 పౌండ్లు దాటితే, దాటిన దాని మీద 8 శాతం పడుతుంది.

ఎన్‌ఐ నంబరు సాధారణంగా పదహారో పుట్టినరోజుకి ముందు మూడు నెలల్లో ఉత్తరంగా ఇంటికి వస్తుంది, తల్లిదండ్రులు చైల్డ్ బెనిఫిట్‌కి దరఖాస్తు చేసుకుని ఉంటే. చెయ్యకపోతే విడిగా అడగాలి. నంబరు రాలేదని జీతం ఆపక్కర్లేదు. ఆ గడి ఖాళీగా వదిలి, పుట్టిన తేదీ, చిరునామా సరిగ్గా ఇచ్చి పంపండి. వేరేవాళ్ల నంబరు గానీ, ‘టీఎన్’తో మొదలుపెట్టి అల్లిన నంబరు గానీ పెట్టొద్దు.

తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతాదంతా ఇంకో గడిలో. బడిలో ఒక వరస, బ్యాంకులో ఇంకో వరస. చైల్డ్ బెనిఫిట్ ఫారంలో ఏ వరసలో రాశారో హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర ఆ వరసే ఉంటుంది. పేరోల్‌లో వేరేలా పడితే రెండు రికార్డులు పుట్టి, ఒకదానికి కోడ్, ఇంకోదానికి జీతం వెళ్లే అవకాశం ఉంది. ఎన్‌ఐ ఉత్తరం మీద ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి.

మీకు ఇప్పటికే పీఏవైఈ (జీతంలోంచే పన్ను కోసి కట్టే పద్ధతి) రిజిస్ట్రేషన్ ఉంటే పదహారు దాటిన ప్రతివాళ్ల జీతమూ, నలభై పౌండ్లే అయినా, జీతం ఇచ్చే రోజున గానీ ముందు గానీ ఎఫ్‌పీఎస్‌లో (హెచ్‌ఎంఆర్‌సీకి పంపే జీతాల రిపోర్టులో) పంపాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే, ఎవరికైనా వారానికి ఎన్‌ఐ దిగువ పరిమితి ముట్టే జీతం ఇచ్చినప్పుడు చేయించుకోవాలి. అది 2025-26లో 125 పౌండ్లు, 2026-27లో 129. అంతకన్నా తక్కువే ఇస్తున్నా ఆ కుర్రాడికి ఇంకో ఉద్యోగం ఉంటే చేయించుకోవాల్సిందే. చాలామందికి తెలియనిది ఇదే. అందుకే చెక్‌లిస్ట్‌లో ‘సీ’ గీత కనబడగానే ఆగి చూసుకోవాలి.

పదిమంది లోపు సిబ్బంది ఉంటే హెచ్‌ఎంఆర్‌సీ ఉచితంగా ఇచ్చే బేసిక్ పీఏవైఈ టూల్స్ సరిపోతుంది. పేస్లిప్‌లు మాత్రం అది తయారుచెయ్యదు, విడిగా చేసుకోవాలి. ఎఫ్‌పీఎస్ ఆలస్యమైతే తొమ్మిదిమంది దాకా సిబ్బంది ఉన్న వ్యాపారాలకి నెలకి 100 పౌండ్ల జరిమానా.

పెన్షన్‌లో తప్పనిసరిగా చేర్చేది 22 ఏళ్లనుంచి. పదహారు దాటినవాళ్లు అడిగితే కాదనకూడదు, నెల జీతం 520 పౌండ్లు దాటితే యజమాని వాటా కూడా కట్టాలి.

వీసా మీద ఉన్న కుటుంబాల పిల్లల్ని పదహారు దాటాక పనిలోకి తీసుకుంటే రైట్ టు వర్క్ (పని చేసే హక్కు) తనిఖీ చెయ్యాలి. పాత బీఆర్‌పీ నివాస అనుమతి కార్డులతో ఇప్పుడు కుదరదు, వాళ్ల దగ్గర షేర్ కోడ్ తీసుకుని ఆన్‌లైన్‌లో చూసి, ఆ పేజీని తేదీతో దాచుకోండి. స్కిల్డ్ వర్కర్ వీసా డిపెండెంట్ పిల్లలకి సాధారణంగా అడ్డు లేదు. చైల్డ్ స్టూడెంట్ వీసా అయితే పదహారు దాటినవాళ్లు బడి రోజుల్లో వారానికి పది గంటలే.

వేసవి ఉద్యోగంలో పోయిన పన్ను

జులైలో పరీక్షలు అయిపోయాక పూర్తికాలం చేసి 1,400 పౌండ్లు సంపాదించిన అమ్మాయిని అనుకుందాం. చెక్‌లిస్ట్‌లో ‘ఏ’ గీస్తే ఏప్రిల్ నుంచి వాడని అలవెన్సంతా కలిసొచ్చి పన్ను సున్నా. మేలో రెండు వారాలు వేరే కేఫ్‌లో చేసింది కాబట్టి ‘బీ’ గీస్తే, నెలకి 1,048 పౌండ్లే పన్ను లేకుండా పోయి మిగతా 352 మీద 20 శాతం, అంటే 70 పౌండ్ల చిల్లర కోస్తారు. మే ఉద్యోగం పీ45 తెచ్చిస్తే, దానిమీద ఉన్న కోడ్ ప్రకారం మొదటినుంచి కలిపి లెక్క వేస్తారు, ఆ కోత పడదు.

పోయిన డబ్బు వెనక్కి వస్తుంది. పని మానేసి నాలుగు వారాలైంది, ఆ పన్ను సంవత్సరంలో మళ్లీ ఉద్యోగం చెయ్యను అనుకుంటే పీ50 ఫారం వేసి అడగొచ్చు. లేదంటే ఏప్రిల్ దాటాక హెచ్‌ఎంఆర్‌సీయే లెక్క చూసి పీ800 అనే లెక్క ఉత్తరం పంపుతుంది. కానీ అదే 352 మీద పడిన 8 శాతం ఎన్‌ఐ, 28 పౌండ్లు, తిరిగి రాదు. పన్ను ఏడాదికి లెక్క, ఎన్‌ఐ ఏ జీతకాలానికి ఆ జీతకాలమే. రెండు నెలల ఓవర్‌టైమ్ ఒక్క నెలలో కలిపి ఇవ్వకుండా ఏ నెలది ఆ నెల ఇమ్మని అడగడానికి కారణం అదే.

రెండు చోట్లా చిన్న చిన్న ఉద్యోగాలు చేసేవాళ్లు రెండో చోట బీఆర్ పడిందని ఏడవక్కర్లేదు. హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేసి అలవెన్సుని రెండు కోడ్‌లుగా విడగొట్టమంటే విడగొడతారు.

ఫర్లో: ముగిసినా వదలని కాగితాలు

కరోనా కాలపు ఫర్లో పథకం 2020 మార్చి 1 నుంచి 2021 సెప్టెంబరు 30 దాకా నడిచింది. పని లేకపోయినా జీతంలో 80 శాతం, నెలకి 2,500 పౌండ్లకి మించకుండా ప్రభుత్వం భరించింది. చివర్లో ప్రభుత్వ వాటా 2021 జులైలో 70 శాతానికీ, ఆగస్టు, సెప్టెంబరుల్లో 60 శాతానికీ తగ్గింది, మిగతాది యజమాని కలపాలి. కొత్త క్లెయిములు ఇప్పుడు లేవు. లెక్కలు చూపించమని హెచ్‌ఎంఆర్‌సీ అడగడం మాత్రం ఉంది.

బడి పిల్లల విషయంలో వయసు అడ్డు కాలేదు. ఎఫ్‌పీఎస్ అడ్డయ్యింది. మొదటి దశలో 2020 మార్చి 19లోపు ఆ ఉద్యోగి జీతం హెచ్‌ఎంఆర్‌సీకి రిపోర్టు అయ్యుండాలి. పదహారు లోపు పిల్లల్ని పేరోల్‌లో వెయ్యనక్కర్లేదు కాబట్టి చాలామంది యజమానులు వెయ్యలేదు, దానివల్ల వాళ్ల పేర క్లెయిమ్ చెయ్యడం కుదరలేదు. ‘ఎక్స్’ అక్షరంతో వేసుకున్నవాళ్లకి కుదిరింది. 2020 నవంబరు నుంచి ఆ గడువు తేదీ అక్టోబరు 30కి, 2021 మే నుంచి 2021 మార్చి 2కి మారింది. మీ పాత క్లెయిముల్లో పదిహేనేళ్లవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు చూడాల్సింది ఆ తేదీలోపు వెళ్లిన ఎఫ్‌పీఎస్‌లో వాళ్ల పేరుందా అని.

రెండోది సగటు లెక్క. పిల్లల జీతం బడి రోజుల్లో ఒకలా, సెలవుల్లో ఒకలా ఉంటుంది కాబట్టి వాళ్లు ‘మారే జీతం’ కిందకి వస్తారు. 2019 సెప్టెంబరు 1న చేరి, 2020 మార్చి 23న ఫర్లోకి వెళ్లిన అమ్మాయి అప్పటిదాకా 2,040 పౌండ్లు సంపాదించిందనుకోండి. చేరిన రోజు నుంచి మార్చి 22 దాకా 204 రోజులు. రోజుకి 10 పౌండ్లు. ఏప్రిల్ 30 రోజులకి 300, అందులో 80 శాతం 240. తప్పు జరిగేది ఎక్కడంటే, 204కి బదులు ఆమె పని చేసిన 29 శనివారాలతో భాగించి, రోజుకి 70 వచ్చిందని దాన్ని 30తో గుణించడం. పని లేని రోజులు కూడా లెక్కలోకి రావాలి. ఏడాదికి పైగా ఉన్నవాళ్లకైతే నిరుటి అదే నెల జీతం, 2019-20 సగటు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

మూడోది, ఫర్లో గంటల్లో పని. ఆ గంటల్లో పిల్లవాడు అదే యజమానికి పని చేసి ఉండకూడదు. 2020 జులై నుంచి కొన్ని గంటలు పని, కొన్ని గంటలు ఫర్లో అన్న వెసులుబాటు వచ్చింది గానీ గంటలు విడివిడిగా రాసి ఉండాలి. కుటుంబ షాపుల్లో ఇదే పెద్ద సమస్య: పేరు ఫర్లోలో, మనిషి టిల్ దగ్గర. అలాంటి క్లెయిము తేలితే డబ్బు వెనక్కి కట్టాలి, తెలిసి చేసినట్టు తేలితే ఆ మొత్తానికి సమానమైన జరిమానా దాకా వెళ్లొచ్చు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినడం గానీ, ఒప్పందం ఒప్పుకుంటే వేరే యజమాని దగ్గర పని చెయ్యడం గానీ తప్పు కాలేదు.

ఫర్లోకి ఒప్పుకున్నట్టు రాసుకున్న కాగితం అయిదేళ్లు, క్లెయిము మొత్తం, రిఫరెన్సు నంబరు, లెక్క, మామూలు గంటలు, చేసిన గంటలు ఆరేళ్లు దాచాలి. 2021 సెప్టెంబరు క్లెయిముల కాగితాలు 2027 శరదృతువు దాకా అటక మీద ఉండాలి. ఎక్కువ తీసుకున్నట్టు ఇప్పుడు కనబడినా వాళ్లు అడిగేదాకా ఆగకుండా చెప్పెయ్యడమే నయం, జరిమానా లెక్కలో తేడా పడుతుంది.

ఇప్పుడు షాపు కొన్నాళ్లు మూతపడితే ఆ పథకం లేదు. ఉద్యోగ ఒప్పందంలో జీతం లేకుండా ఇంట్లో ఉండమనే షరతు ఉంటేనే పని లేని రోజులకి జీతం ఆపొచ్చు. నెల రోజులు పైబడి పని చేస్తున్న ఉద్యోగికి అలాంటి రోజులకి గ్యారంటీ చెల్లింపు ఉంది: 2025-26లో రోజుకి 39 పౌండ్ల దాకా, మూడు నెలల్లో అయిదు రోజులకి మించకుండా. రోజు జీతం అంతకన్నా తక్కువైతే ఆ రోజు జీతమే. ఈ వారం రమ్మంటే రావాలి, వద్దంటే లేదు అన్న ఏర్పాటైతే అలాంటి హక్కు నిలబెట్టుకోవడం కష్టం. శనివారం గంటలు ఖాయమైతే ఆ మాట కాగితం మీద రాయించుకోమని పిల్లలకి చెప్పండి.